తాళం వేసిన ఫోను

ఫిబ్రవరి 3

నా అంశం ఒప్పుకున్నారు. "ఒక వీధిలో తొలి టెలిఫోను: వాడుక, కాపలా, ఉల్లంఘన." చివరి మాట మేడం పెట్టింది. నేను దొంగతనం అని రాసుకెళ్లాను.

మేడం అంటే మా సాయంకాలం కాలేజీలో ఆధునిక చరిత్ర, సంస్కృతి చెప్పే అమ్మాయి. వయసు నాలో సగం ఉంటుంది. ఆమె నన్ను మేడం అంటుంది, నేను ఆమెను మేడం అంటాను. బయటినుంచి వినేవాళ్లకు ఎవరు ఎవరికి పాఠం చెబుతున్నారో తెలియదు.

ప్రాజెక్టు ఎవరిది వారే చేయాలట. బతికున్న సాక్షులు ముగ్గురికి తగ్గకూడదట. వాళ్లు చెప్పింది రాసి, వాళ్ల చేతే చదివించి, కింద సంతకం పెట్టించుకోవాలట. "సంతకం లేని మాట చరిత్ర కాదు మేడం, కబుర్లు" అంది.

డిగ్రీకి ఇదొక్క పేపరే మిగిలింది. ఈ ఏడాదితో ఈ కోర్సు ఎత్తేస్తున్నారు. ఇది పోతే మళ్లీ రాయడానికి చోటుండదు. తమ్ముడి చదువనీ చెల్లెలి చదువనీ ఒకసారి వదిలేసిన డిగ్రీ. రెండోసారి వదలడం నాకు ఇష్టం లేదు. దీని గురించి ఇంక రాయను.

సాక్షులకు కొదవేముంది? అమ్మ, తమ్ముడు, చెల్లెలు. వీధిలో తొలి ఫోను మాదే. దానికి తాళం వేసింది నాన్న. ఆ తాళాన్ని లెక్కచేయనిది మేము.

మేము కాదు. వాళ్లు.

ఫిబ్రవరి 5

ప్రార్థన అయ్యాక తమ్ముడితో చెప్పాను. పేపరు దించకుండానే, ఈ వయసులో చదువు మంచిదే అక్కా, మెదడు చురుగ్గా ఉంటుంది అన్నాడు. అంశం చెప్పాను. పేపరు దించాడు.

ఫిబ్రవరి 11

మొదటి అధ్యాయం రాశాను. మేడం బాగుందంది. ఒక్క పేరా మాత్రం కథలా ఉందంది. జరిగింది జరిగినట్టు రాస్తే కథలా ఉంటే నేనేం చేయను?

నల్ల ఫోను. ముందు గదిలో ఎత్తు స్టూలు మీద, అల్లిన గుడ్డ కప్పుకుని ఉండేది. ఆ గోడకు అవతలి వైపు ప్రార్థన గది. వీధిలో అందరూ తమ చుట్టాలకు మా నంబరే ఇచ్చారు. ఎవరికి ఫోను వచ్చినా మాలో ఒకరు పరుగెత్తి పిలుచుకురావాలి. వచ్చే ఫోన్ల విషయంలో నాన్నంత ఉదారుడు ఇంకొకడు లేడు. పోయే ఫోన్ల దగ్గరకొచ్చేసరికి మనిషి మారిపోయేవాడు. డయలు కన్నంలో చిన్న తాళం బిగించి, చెవిని చొక్కా జేబులో పెన్ను పక్కన పెట్టుకుని ఆఫీసుకు వెళ్లేవాడు.

తాళం డయలుకే. రిసీవరు కింద ఉండే బుడిపెలకు కాదు. డయలు తిప్పే పని లేకుండా ఆ బుడిపెల మీద అంకెకు తగినన్నిసార్లు గబగబా కొడితే నంబరు కలుస్తుంది. మూడుకు టక్ టక్ టక్. కాస్త ఆగి, తరువాతి అంకె. ఇంట్లో దీన్ని ముందు కనిపెట్టిందెవరన్నది రెండో అధ్యాయం.

బిల్లు పెరుగుతుంటే నాన్న వడ్రంగిని పిలిపించి ఫోనుకు చెక్కపెట్టె చేయించాడు. పెట్టెకు ఇంకో తాళం. అయితే ఫోను వస్తే రిసీవరు ఎత్తాలి కదా? అందుకని పెట్టె మీద చతురస్రంగా కంత వదిలారు. బుడిపెలు సరిగ్గా ఆ కంతలోనే ఉండేవి. బిల్లు ఎప్పటిలాగే వచ్చింది.

కథలా ఉన్న పేరా ఇదేనట.

ఫిబ్రవరి 18

తమ్ముడి సాక్ష్యం.

వాడు ఆడిటరు. ఊళ్లో సగం ఆఫీసులకు వాడంటే దడ. ఇంట్లో కూతురికి దడ. భోజనం దగ్గర ఫోను చూడకూడదు, పడుకునే ముందు చూడకూడదు, మా నాన్న మమ్మల్ని ఇలా పెంచలేదు అంటూ ఉంటాడు. మాట్లాడేది రికార్డు చేయడం ఆ పిల్లే నాకు నేర్పింది.

రాసుకో అన్నాడు. ఆ ఫోనును తాను ముట్టనే లేదు. కొట్టిందంతా చెల్లి. నాన్నకు అప్పుడే చెప్పాడు కూడా.

నేనేమీ అనలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. వాడు నీళ్లు తాగాడు. కిటికీ తెర సర్దాడు. సరే, ఒక్కసారి అన్నాడు. నేనేమీ అనలేదు. మ్యాచ్ జరుగుతున్న రోజుల్లో మాత్రమే అన్నాడు. పత్రికాఫీసుకు కొట్టి స్కోరు అడిగేవాడట. అక్కడి ముసలి ఉద్యోగి గొంతు గుర్తుపట్టి, "ఏరా, రేపు లెక్కల పరీక్ష లేదూ?" అనేవాడట. ఆ మాట చెప్పి తానే నవ్వాడు. వాడలా నవ్వి చాలా ఏళ్లయింది.

తరువాత మొహం మాడ్చుకుని, అది తుడిచెయ్ అక్కా అన్నాడు. తుడవడం నాకు రాదన్నాను.

పోయిన వారమే నేర్చుకున్నాను.

సంతకం పెట్టనన్నాడు. కూతురు చదివితే ఇంట్లో తన మాట ఎవరు వింటారని అడిగాడు. ఇప్పుడు ఎవరు వింటున్నారని నేను అడగలేదు.

ఫిబ్రవరి 20

ప్రార్థనలో మనసు నిలవలేదు.

ఫిబ్రవరి 25

చెల్లెలి సాక్ష్యం. పక్క వీధిలోనే ఉంటుంది. పిల్లలకు పాటలు నేర్పుతుంది. వచ్చీ రాగానే, కొట్టిందంతా అన్నయ్యే, ఇందులో చెప్పడానికి ఇంకేముంది అంది.

నేనేమీ అనలేదు. దానికి వాడంత ఓపిక కూడా లేదు. వేళ్లతో గాజులు అటూ ఇటూ తిప్పి మొదలుపెట్టింది.

రేడియోవాళ్లకు కొట్టి పాటలు కోరుకునేదట. పేరు అడుగుతారు కదా, తన పేరు చెబితే దొరికిపోతుంది. అందుకని నా పేరు చెప్పేదట.

ఒక ఆదివారం ఇల్లంతా ఉండగా రేడియోలో వచ్చింది. పూర్తి పేరు, ఇంటిపేరు, వీధి పేరు. మంచి శృంగార గీతం. నాన్న రేడియో కట్టేసి నన్ను చూశాడు. నేను బట్టలు మడతపెడుతున్నాను. ఆ వారమంతా నేను గదిలోకి వస్తే నాన్న గొంతు సవరించుకునేవాడు.

"అది నేనని నీకు అప్పుడు తెలుసా అక్కా?"

తెలియదన్నాను. గోడకు అవతల, కళ్లు మూసుకుని, చేతిలో జపమాలతో కూర్చున్నదానికి ఏం తెలుస్తుంది?

ఇదీ సంతకం పెట్టనంది. పాఠాలకు పంపే తల్లిదండ్రులు ఏమనుకుంటారట. తనను బుద్ధిమంతురాలని అనుకుంటున్నారట.

మార్చి 1

ఇద్దరు సాక్షులు, సంతకాలు సున్నా. మేడంతో చెప్పాను. బతిమాలండి, కాని బలవంతం వద్దు అంది. ఇంకొక మాట గట్టిగా చెప్పింది. ఒకరి సాక్ష్యాన్ని ఇంకొకరికి చూపించకూడదు. అది పద్ధతి కాదు.

శ్రద్ధగా రాసుకున్నాను.

మార్చి 3

పొద్దున ప్రార్థనకు వెళుతూ ఫైలు భోజనాల బల్ల మీద మరిచిపోయాను. చెల్లెలి కాగితాలు పైన ఉన్నట్టున్నాయి.

బయటికి వచ్చేసరికి తమ్ముడు కళ్లజోడు నుదుటి మీదకు తోసుకుని నిలబడి ఉన్నాడు. ఫైలు ఎవరు తెరిచారని అడిగాను. అది పట్టించుకోలేదు. కొట్టిందంతా నేనా, రేడియోకు కొట్టింది కూడా నా ఖాతాలో వేస్తుందా అన్నాడు. పెన్ను అడిగాడు. తన సాక్ష్యం మొదటినుంచి చదివి, "నేను ముట్టలేదు" కొట్టేసి "మొత్తం కాల్స్‌లో నా వాటా మూడో వంతుకు మించదు" అని రాశాడు. ప్రతి పేజీ కింద పొట్టి సంతకం, చివర పూర్తి సంతకం, తేదీ. ఆడిటు అలవాటు.

మార్చి 4

గిన్నె తిరిగి ఇవ్వడానికి చెల్లెలు వచ్చింది. ఫైలు మళ్లీ బల్ల మీదే ఉండిపోయింది. ఈసారి తమ్ముడి కాగితాలు పైకొచ్చాయి. కాగితాలు జరుగుతూ ఉంటాయి.

మూడో వంతట అంది చెల్లెలు. ఆ మ్యాచ్‌లు ఒక్కొక్కటి ఐదేసి రోజులు జరిగేవి కదా అంది. సంతకం పెట్టేసింది.

రెండు.

మార్చి 7

ఇద్దరికీ మాటల్లేవు. నేను కలగజేసుకోలేదు. ప్రార్థనలో ఇద్దరి పేర్లూ చెప్పాను.

సాయంత్రం తమ్ముడు వరండాలో ఫోనులో పగలబడి నవ్వుతున్నాడు. ఎవరో అనుకున్నాను. చెల్లెలే. ఎవరు ముందు కనిపెట్టారని వాదించుకుంటున్నారు. ఇద్దరూ ఆ ఘనత తనదే అంటున్నారు. ఇన్నాళ్లూ నాది కాదన్నవాళ్లు. రెండో అధ్యాయం మళ్లీ రాయాలి.

మార్చి 8

అమ్మ సాక్ష్యం.

ముందు గదిలో కిటికీ పక్క కుర్చీ ఆమెది. అక్కడినుంచి వీధీ కనబడుతుంది, వంటింట్లో మరదలు ఏం చేస్తోందో కూడా కనబడుతుంది. ఫోను గురించి చెప్పమ్మా అన్నాను. నాకేం తెలుసే, నేను వంటింట్లో ఉండేదాన్ని అంది.

నేనేమీ అనలేదు.

అమ్మ కూడా ఏమీ అనలేదు.

నేను చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. అమ్మవి ముందునుంచే ఒళ్లో ఉన్నాయి. చాలాసేపయ్యాక మరదలు టీ తెచ్చి, ఇద్దరినీ చూసి, ఎవరికేమైంది అని కంగారుపడింది.

ఈ విద్య నేను ఎక్కడ నేర్చుకున్నానో ఈ రోజు తెలిసింది.

మార్చి 9

నిన్నటి రికార్డింగు విన్నాను. ఫ్యాను. ఒక ఆవలింత. ఫ్యాను.

మార్చి 14

ఈ రోజు జరిగింది వివరంగా రాసుకోవాలి. ప్రాజెక్టులో రాయలేను కాబట్టి.

బిల్లులో తమ్ముడి వాటా, చెల్లెలి వాటా తీసేస్తే ఇంకా కొంత మిగిలేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక, మిగతావాళ్లు ఇంట్లో లేనప్పుడు, రోజూ ఒక ఫోను పోయేది. ఐదంకెలు. అవతలివాళ్లు ఎత్తగానే ఇవతల పెట్టేసేవాళ్లు. ఒక్క మాట ఉండేది కాదు. ఆ వేళకు నేను గోడకు అవతల ప్రార్థనలో ఉండేదాన్ని.

ఇంట్లో ఇద్దరమే ఉన్నాం. అమ్మ కళ్లు మూసుకుని ఉంది. నేను కుర్చీ పక్క స్టూలు మీద వేలితో కొట్టాను. ఐదంకెలూ, మధ్యలో ఆగవలసిన చోట ఆగుతూ.

అమ్మ కళ్లు తెరిచింది.

"నువ్వు ప్రార్థన చేస్తున్నావనుకున్నాను."

"చేస్తూనే ఉన్నానమ్మా."

అమ్మ పళ్లు లేని నోటితో, చప్పుడు లేకుండా, కుర్చీ కదిలేలా నవ్వింది. అది నాన్న ఆఫీసు నంబరు. నాకు అప్పుడే తెలుసు. తెలియనిది ఎందుకన్నదే. నాకు నేనే ఒక సమాధానం చెప్పుకున్నాను ఇన్నేళ్లూ. పొద్దున వెళ్లిన మనిషి గొంతు సాయంత్రం దాకా వినకుండా ఉండలేక అనుకున్నాను. అడగాలంటే సిగ్గు. ఈ రోజు అడిగేశాను. ప్రేమ అనుకున్నానమ్మా అన్నాను.

"ప్రేమా పాడా. నిద్ర లేపడానికే."

నాన్న ఆఫీసులో భోజనం చేసి కుర్చీలోనే కునికేవాడట. ఒకసారి పై అధికారి కంటపడ్డాడు. ఇంకొకసారి చూస్తే ఇంటికి పంపిస్తానన్నాడట. ఆ సంగతి నాన్న అమ్మకు ఒకే ఒక్కసారి చెప్పాడు, గోడ వైపు తిరిగి. మర్నాటినుంచి అమ్మ ఆ వేళకు ఫోను కొట్టడం మొదలుపెట్టింది. బల్ల మీద ఫోను మోగగానే నాన్న ఉలిక్కిపడి నిటారుగా కూర్చుని హలో అనేవాడు. ఈమె పెట్టేసేది. సాయంత్రం నాన్న వచ్చి, ఎవడో వెధవ, రోజూ అదే వేళకు రాంగ్ నంబరు, దొరికితే తోలు తీస్తాను అనేవాడు. అమ్మ కూర వడ్డిస్తూ, వాడికి ఏం కష్టమొచ్చిందో పాపం అనేది.

మరి ఆ చెక్కపెట్టె చేయించినప్పుడు ఏం చేశావని అడిగాను.

"రిసీవరు ఎక్కడ పెడతారండీ అని వడ్రంగి చేత అడిగించింది ఎవరనుకున్నావ్?"

మీ నాన్నకు తోచలేదే ఆ సంగతి, మొత్తం మూసేయమన్నాడు, నేనే వడ్రంగికి మంచినీళ్లు ఇచ్చేటప్పుడు చెవిలో వేశాను అంది. అంటే ఇంట్లో ముందు కనిపెట్టిందీ ఈమే. ఎవరో చుట్టం ఇంట్లో చూసి వచ్చిందట. పిల్లలిద్దరూ ఈమెను చూసి నేర్చుకున్నారు, ఎవరికి వారు సొంతంగా కనిపెట్టామనుకున్నారు.

ఇంతకంటే మంచి సాక్ష్యం ఏ పుస్తకంలోనూ చూడలేదు. కాగితం తీశాను. అమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"అది రాయకే. ఆఫీసులో నిద్రపోయేవాడని ఆయన గురించి నలుగురూ చదవాలా? నీ తమ్ముడు రోజూ పొద్దున వాళ్ల నాన్న పేరు చెప్పి కూతుర్ని లేపుతాడు."

రాయనన్నాను. మాట ఇచ్చాను. ఇచ్చాక గాని మూడో సంతకం గుర్తురాలేదు.

అమ్మకు గుర్తొచ్చింది. వంటింట్లో ఉన్నాను, నాకేం తెలియదు అని రాసుకురా, దాని కింద పెడతాను సంతకం అంది.

మార్చి 15

సంతకం లేని మాట చరిత్ర కాదంది మేడం. సంతకం ఉన్న అబద్ధం సంగతి ఆమె చెప్పలేదు.

ఒక పూటంతా ఆలోచించాను. ప్రార్థనలో అడిగాను. ఆయనా అమ్మలాంటివాడే. నేను ఊరుకుంటే తానూ ఊరుకుంటాడు.

సాయంత్రానికి తేలింది. ఫైలు బల్ల మీద మరిచిపోవడం వేరు. ఇది వేరు.

మార్చి 20

మేడంతో ఇద్దరే అని చెప్పాను. ఆమె మొహం వాడిపోయింది. ఈసారి వచ్చే బయటి పరీక్షకుడు మామూలు మనిషి కాదట. పాత పత్రాల్లో ఏది అసలు, ఏది నకిలీ అని తేల్చడం మీద ఆయన రాసినదే మాకు పాఠ్యపుస్తకం. పోయినేడు ఒక అబ్బాయిని అట్ట మీద తేదీ తప్పుందని వెనక్కి పంపాడట. ఎదురింటి పెద్దవాళ్లు ఎవరైనా ఉన్నారా మేడం అని అడిగింది. ఎదురిల్లు ఇప్పుడు మందుల దుకాణం. ఆనాటివాళ్లు ఎవరూ లేరు.

మూడో అధ్యాయంలో ఇలా రాశాను: "మధ్యాహ్నపు కాల్స్ చేసినదెవరో ధ్రువపడలేదు." అబద్ధం కాదు. ధ్రువపరచమంటే అమ్మ చేయి పట్టుకుంది.

ప్రాజెక్టు ఇచ్చేశాను.

ఏప్రిల్ 2

రేపు మౌఖిక పరీక్ష. తమ్ముడు తన ఖరీదైన పెన్ను ఇచ్చాడు. చెల్లెలు వచ్చి ఏ చీర కట్టుకోవాలో చెప్పి, నేను తీసిన చీర లోపల పెట్టేసి వెళ్లింది. అమ్మ పడుకునే ముందు నా చెయ్యి ఒకసారి నొక్కింది.

ఏప్రిల్ 3

కాలేజీ రెండో అంతస్తు, చివరి గది. అద్దం పరిచిన బల్ల. అద్దం కింద ఎప్పటిదో టైంటేబులు. బల్లకు అటు పరీక్షకుడు, పక్కన మేడం. ఇటు నేను.

ఆయన రిటైరుకు దగ్గరలో ఉన్న మనిషి. భారీ మనిషి. కళ్లజోడుకు తాడు. నా ప్రాజెక్టును వెనకనుంచి ముందుకు తిప్పారు. సాక్షులు ఇద్దరే అన్నారు. అవునండి అన్నాను. నిబంధన ముగ్గురు అన్నారు. అవునండి అన్నాను. మేడం చెప్పు బల్ల కింద నేలను రాస్తోంది.

మధ్యాహ్నపు కాల్స్ ఎవరివి అని అడిగారు.

"తెలియదా, చెప్పరా?"

"చెప్పనండి."

అయితే ఇది అసంపూర్ణం అన్నారు. పైగా అసలు విషయానికే ఆధారం బలహీనం అన్నారు. తాళం వేసిన ఫోను మీద బుడిపెలు కొడితే నంబరు కలుస్తుందని ఒక తమ్ముడు, ఒక చెల్లెలు చెబుతున్నారు. ఒకే ఇంటివాళ్లు. ఒకరి మీద ఒకరికి కోపం. దీన్ని నమ్మడం ఎలా అని ఎర్ర పెన్ను మూత తీశారు.

నా డిగ్రీ ఆ పెన్ను కొసన ఉంది. చెప్పడానికి నా దగ్గర ఒక్క మాట ఉంది. దాన్ని ఇచ్చేశాను, అమ్మకు.

చేతులు ఒళ్లో పెట్టుకున్నాను.

ఆయన నన్ను చూశారు. నేను ఆయన్ను చూశాను. ఫ్యాను తిరుగుతోంది. పెన్ను కాగితం మీద ఆనింది కాని కదల్లేదు. ఆయన దగ్గారు. ఏదైనా చెప్పుకోండి అన్నారు. నేనేమీ అనలేదు. కళ్లజోడు తీసి తాడుకు వదిలేశారు.

"కలవదని కాదు. సున్నా దగ్గర కష్టం."

మేడం తలెత్తింది.

సున్నాకు పది కొట్టాలి కదా అన్నారాయన. ఎనిమిదో తొమ్మిదో కొట్టేసరికి వేలు తడబడుతుంది, తడబడితే మొత్తం మొదటికొస్తుంది. మా మేనమామది నంబర్ల నిండా సున్నాలున్న ఊరు అన్నారు. నేనేమీ అనలేదు.

ఇక ఆపడం ఆయన వల్ల కాలేదు. చదువుకునే రోజుల్లో మేనమామ ఇంట్లో ఉండేవారట. అక్కడా ఫోనుకు తాళమే. మామ నిద్ర లేవకముందే ఈయన బుడిపెలు కొట్టి, కాలేజీ ప్రిన్సిపాలుకు ఫోను చేసి, అచ్చం మామ గొంతుతో, మా అబ్బాయికి జ్వరమండీ, ఈ రోజు రాలేడు అనేవారట. ఆ గొంతు మాకూ చేసి చూపించారు. ముందు దగ్గు, తరువాత ఒక మూలుగు, తరువాత ఆజ్ఞ. ప్రిన్సిపాలు ఒకసారి నిజం మామనే వీధిలో కలిసి, పొద్దున ఫోనులో చెప్పారు కదా, అబ్బాయి ఆరోగ్యం ఎలా ఉందండీ అని అడిగితే, మామ తన గొంతును తానే నమ్మలేకపోయాడట. బిల్లు ఎక్కువ వస్తోందని టెలిఫోను శాఖకు మామ ఫిర్యాదు మీద ఫిర్యాదు రాసేవాడట. వాటికి చిత్తు రాసిపెట్టింది కూడా ఈయనేనట, చేతిరాత బాగుంటుందని.

మేడం నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. నకిలీ పత్రాల అధ్యాయం మాకు రెండు నెలలు చెప్పింది పాపం.

చెప్పడం అయ్యాక ఆయన కిటికీ వైపు చూస్తూ, ఇది మీ పనిలోకి రాదనుకోండి అన్నారు.

నేను సంచిలోంచి తెల్ల కాగితం తీశాను. తమ్ముడి పెన్నుతో ఆయన చెప్పింది చెప్పినట్టు, పొట్టిగా రాశాను. చదవడానికి వీలుగా ఆయన వైపు తిప్పి పెట్టాను.

"మూడో సాక్షి, అండి."

పరీక్షకుడు సాక్షి కావచ్చా అని ఆయన మేడంను అడిగారు. కాకూడదని ఎక్కడా రాయలేదండీ అంది మేడం. ఆ గొంతులో అంత ధైర్యం ఎప్పుడూ వినలేదు.

ఆయన నన్ను చూశారు. నాకు తొందరేమీ లేదు.

కళ్లజోడు పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా చదివారు. ఒకచోట ఆగారు. ఎర్ర పెన్నుతో "జ్వరమని చెప్పి" కొట్టేసి, పైన "విరేచనాలని చెప్పి" అని రాశారు. జ్వరమంటే డాక్టరు కాగితం అడిగేవాళ్లు, దీనికి ఎవరూ అడగరు అన్నారు. దిద్దిన చోట పొట్టి సంతకం, కింద పూర్తి సంతకం, తేదీ.

తరువాత నా ప్రాజెక్టు దగ్గరికి లాక్కుని, అదే ఎర్ర సిరాతో మార్కులు వేశారు.